యార్డుకు తారు వేయించాలంటే: కొవ్వూరు లాంటి ఏటి ఒడ్డు ఊళ్లో మూడు రకాల సర్వీసుల మీద రివ్యూ

రైస్ మిల్లు, పెట్రోల్ బంకు, ఫంక్షన్ హాలు, గోడౌన్ ఏదైనా కావచ్చు, వెయ్యి చదరపు మీటర్ల యార్డు అనుకుందాం. అంటే సుమారు పావెకరం. గోదావరి ఒడ్డున కొవ్వూరు లాంటి ఊళ్లో దీనికి తారు వేయించడానికి మూడు దారులున్నాయి. డ్రమ్ములు, చిన్న మిక్సర్ తెచ్చి అక్కడికక్కడే కలిపి చేత్తో పరిచే ముఠా ఒకటి. తారు, కంకర వేడిగా కలిపే హాట్ మిక్స్ ప్లాంటు నుంచి టిప్పర్లలో మాలు తెచ్చి పేవర్ యంత్రంతో పరిచే కాంట్రాక్టరు రెండోది. గుంతలు పూడ్చుకోవడానికి బస్తాల్లో వచ్చే కోల్డ్ మిక్స్, అంటే వేడి చేయకుండా వాడే తారు కంకర, మూడోది. కొత్త యార్డుకు మేం సిఫార్సు చేసేది రెండోదే. అది కూడా కింద చెప్పిన షరతులు కాగితం మీదికి ఎక్కాకే.

ముందు నేల సంగతి చూడాలి. ఇలాంటి ఊళ్లో తారు చెడేది చాలావరకు పైనుంచి కాదు, కిందినుంచి. కొవ్వూరు ధవళేశ్వరం బ్యారేజీకి ఎగువన ఉంది కాబట్టి ఊరి పక్క గోదావరిలో ఎండాకాలంలోనూ నీళ్లు నిలిచే ఉంటాయి. ఏటిగట్టుకు దగ్గరి స్థలాల్లో ఊట పైకే ఉండొచ్చు. బ్యారేజీ దగ్గర 10 లక్షల క్యూసెక్కులకు మొదటి ప్రమాద హెచ్చరిక, 13 లక్షలకు రెండోది, 17 లక్షలకు మూడోది ఇస్తారు. 2022 జులైలో ప్రవాహం 25 లక్షలు దాటింది. ఏరు ఆ స్థాయిలో ఉన్నప్పుడు గట్టుకు ఊరివైపు పడిన వాన నీరు ఏట్లోకి పోలేదు, ఎక్కడిదక్కడే నిలుస్తుంది. అంత నీరు తాగిన ఒండ్రుమట్టి మీద 16 టన్నుల లోడుతో లారీ తిరిగితే, పైన ఎంత మంచి తారు ఉన్నా మొసలి చర్మంలా పగుళ్లు తేలతాయి.

అందుకే గేటు దగ్గర నిలబడి చూసి రేటు చెప్పే కాంట్రాక్టరుకు మా దగ్గర మార్కులు లేవు. మూడు నాలుగు చోట్ల మీటరున్నర లోతు గుంతలు తీయించి, మట్టిని నాలుగు రోజులు నీళ్లలో నానబెట్టి, బరువు మోసే శక్తిని కొలిచే సీబీఆర్ పరీక్షకు పంపేవాడు పని తెలిసినవాడు. ఫలితం 5 శాతం కంటే తక్కువొస్తే ఆ మట్టి మీద నేరుగా కట్టకూడదు. నీటికి మట్టి ఎంత ఉబ్బుతుందో చెప్పే ఫ్రీ స్వెల్ 50 శాతం దాటితే అది ఉబ్బే నల్లమట్టి. 300 నుంచి 500 మి.మీ. లోతు తీసేసి, మంచి మట్టితో పొరలుగా నింపి రోలర్ కొట్టాల్సిందే. మొత్తం బడ్జెట్‌తో పోలిస్తే ఈ పరీక్షల ఖర్చు చాలా చిన్నది.

ఇక లెక్క. మధ్యరకం లారీల రాకపోకలున్న వెయ్యి చదరపు మీటర్లకు ఒక నమూనా అంచనా ఇది. మట్టి ఫలితాన్ని, రోజూ వచ్చే లారీల సంఖ్యను బట్టి మందాలు మారతాయి. కింద జీఎస్‌బీ (మట్టి మీద వేసే, నీరు పోనిచ్చే అడుగు పొర) 200 మి.మీ., అంటే రోలర్ కొట్టి దిట్టమయ్యాక 200 ఘనపు మీటర్లు, సుమారు 420 టన్నులు. దాని మీద వెట్ మిక్స్ (నీటితో కలిపి పరిచే కంకర) 250 మి.మీ., 125 చొప్పున రెండు పొరలు, సుమారు 550 టన్నులు. ఆ పైన ప్రైమ్ కోట్‌గా, అంటే కంకరలోకి ఇంకే మొదటి పూతగా, ఎస్ఎస్-1 ఎమల్షన్ (నీళ్లలో కలిపిన తారు) చదరపు మీటరుకు 0.7 నుంచి 1 కిలో. తర్వాత డీబీఎం (కింది తారు పొర) 50 మి.మీ., ఘనపు మీటరుకు 2.35 టన్నుల చొప్పున 118 టన్నులు. చివర బీసీ (పైన కనిపించే తారు పొర) 40 మి.మీ., 94 టన్నులు. ప్రతి తారు పొరకు ముందు టాక్ కోట్‌గా, అంటే పొరలు అతుక్కోవడానికి వేసే పూతగా, ఆర్ఎస్-1 ఎమల్షన్ చదరపు మీటరుకు పావు కిలో చొప్పున.

డీబీఎంలో తారు 4.5 శాతం, బీసీలో 5.4 శాతం పట్టుకుంటే మొత్తం 10.4 టన్నులు కావాలి. ఆయిల్ కంపెనీలు తారు ధరను నెలకు రెండుసార్లు, 1న, 16న సవరిస్తాయి. టన్నుకు వెయ్యి రూపాయలు పెరిగితే మీ పనికి పెరిగేది సుమారు రూ.10,400, దాని మీద జీఎస్టీ. కొటేషన్‌లో ఏ తేదీ ధర వేశారో, 18 శాతం జీఎస్టీ కలిపారో లేదో రాయించుకోండి. "రేట్లు పెరిగాయండీ" అంటూ పని మధ్యలో మొదలయ్యే వాదన చాలావరకు అక్కడే ఆగిపోతుంది.

డబ్బు చాలకపోతే యార్డు సగం చేయండి, మందం సగం చేయకండి. డీబీఎం వేసి బీసీ వచ్చే ఏడాది చూద్దామనుకోవడం ఇంకా నష్టం. డీబీఎం పొర నీటిని ఆపదు, ఒక్క వానాకాలం చాలు కింది వెట్ మిక్స్ నానిపోవడానికి.

జీఎస్‌బీ దగ్గర జరిగే మోసం కంటికి కనబడదు. ఆ పొర పని బరువు మోయడం ఒక్కటే కాదు, నీటిని పక్కకు పంపడం కూడా. బంకమట్టి కలిసిన ఎర్ర గ్రావెల్ పోసి జీఎస్‌బీ అని బిల్లు రాస్తే, గట్టిగా కనిపిస్తుందే గానీ చుక్క నీరు బయటికి పోదు. గుప్పెడు తీసుకుని తడిపి పిసికి చూడండి. ముద్ద కట్టి చేతికి ఎర్రగా అంటుకుంటే ఆ లోడు వెనక్కి పంపండి. ఇంకో తప్పు: యార్డు చుట్టూ ప్రహరీ, కెర్బ్ (అంచు గట్టు) కట్టేసి ఆ పొర చివరలను మూసేయడం. అప్పుడు యార్డు మొత్తం తొట్టె అయిపోతుంది. జీఎస్‌బీ అంచు కాలువలోకి తెరిచి ఉండాలి. కాలువ అడుగు ఆ పొర అడుగు కంటే కిందికి ఉండాలి. పైన 2 నుంచి 2.5 శాతం వాలు, అంటే పది మీటర్లకు 20 నుంచి 25 సెం.మీ. తప్పనిసరి.

ఇప్పుడు సర్వీసుల సంగతి. చేత్తో పరిచే ముఠా చవక, పిలిస్తే వస్తుంది, ఇరుకు సందులోకీ దూరుతుంది. కానీ ఉష్ణోగ్రత మీద అదుపు ఉండదు. వీజీ-30 రకం తారు 150 నుంచి 165 డిగ్రీల మధ్య కలవాలి. మంట ఎక్కువైతే తారు మాడి పెళుసవుతుంది, తక్కువైతే కంకరకు పట్టదు. పళ్లున్న రేక్‌లతో లాగి పరిచేటప్పుడు పెద్ద చిప్స్ ఒకవైపుకి, సన్నవి ఇంకోవైపుకి విడిపోతాయి. పెద్దవి పోగైన చోట్లే మొదటి వానకు కంకర లేచిపోతుంది. పారలు, టిప్పర్ తొట్టి అంటుకోకుండా డీజిల్ పూయడం వీళ్లకు అలవాటు. డీజిల్ తారును కరిగిస్తుంది, ఆ మచ్చలు ఎప్పటికీ గట్టిపడవు. స్కూటర్లు, కార్లు తిరిగే దారికైతే సరే. లారీ ఎక్కే చోట వద్దు.

ప్లాంటు, పేవర్ సర్వీసులో నాణ్యత నిజంగా వేరు. తారు శాతం, కంకర సైజుల పాళ్లు, వేడి ప్లాంటులోనే కుదురుతాయి. పేవర్ స్క్రీడ్ (మాలును చదును చేసే పలక) వెనక ఉపరితలం ఒకే తీరుగా వస్తుంది. లోపం ఏమిటంటే చిన్న పనికి మిషన్లు తేవడమే బరువైన ఖర్చు. 300 చదరపు మీటర్ల లోపు పనైతే పక్క గోడౌన్‌వాళ్లతో కలిసి ఒకేసారి వేయించుకోవడం మేలు. ప్లాంటు రాజమండ్రి వైపు ఉంటే టిప్పర్ల దారి ముందే తేల్చుకోండి. 1974 నాటి రోడ్డు కం రైలు వంతెన మీద భారీ లోడ్లు పోతాయని లెక్క వేసుకోకుండా, 2015లో తెరిచిన నాలుగో వంతెన మీదుగా దూరం, సమయం లెక్కించండి. ఆ దారిలో మాలు చల్లారకూడదు, టార్పాలిన్ కప్పి తేవాలి.

టిప్పర్ గేట్లోకి రాగానే చూడాల్సింది మాలు ఆకారం. కుప్ప మరీ కొనదేరి నిక్కి ఉంటే మాలు చల్లారింది, లేదా తారు తక్కువ. చదునుగా జారిపోయి నిగనిగలాడుతుంటే తారు ఎక్కువ. నీలిపొగ లేస్తుంటే మాడింది. కంటి చూపు మీదే ఆగకండి, లోహపు థర్మామీటర్ గుచ్చి చూడండి. పరిచేటప్పుడు 140 డిగ్రీలకు తగ్గకూడదు, రోలింగ్ 90 డిగ్రీలకు ముందే ముగియాలి. 40 మి.మీ. పొర చాలా త్వరగా చల్లారుతుంది, ఏటి గాలికి ఇంకా త్వరగా. అందుకే రోలర్ పేవర్ వెనకే ఉండాలి. డ్రైవరు టీకి వెళ్లిన ఇరవై నిమిషాలు ఆ పట్టీ బలాన్ని తినేస్తాయి. నిన్నటి చల్లని అంచుకు ఇవాళ్టి మాలు కలపాలంటే ఆ అంచును నిలువుగా కోసి, బ్రష్‌తో టాక్ కోట్ పూయాలి. ఊరికే ఆనించి పోతే సరిగ్గా ఆ గీతలోంచే నీరు దిగుతుంది.

కంకర గ్రానైట్ జాతిదైతే నీటికి తారు వదిలేసే గుణం ఉంటుంది. నీటి ముప్పున్న ఊళ్లో 2 శాతం సున్నం ఫిల్లర్‌గా (సందులు నింపే సన్నపొడిగా) గానీ, కంకరను తారు వదలకుండా చేసే యాంటీ స్ట్రిప్పింగ్ మందు గానీ అడగండి. ఇది అడిగితే వెంటనే అర్థం చేసుకున్న కాంట్రాక్టరు దగ్గర మిగతా పనీ బాగుంటుందని మా నమ్మకం.

చదరపు అడుగు రేటుకు ఒప్పుకోవద్దు. "రెండంగుళాలు వేశాం" అన్నది పరిచినప్పటి మందం, రోలర్ తిరిగాక అది 40 మి.మీ. అవుతుంది. ఒప్పందంలో దిట్టమైన మందం, టన్నులు రెండూ ఉండాలి. ప్రతి టిప్పర్‌కూ కాటా చీటీ తీసుకోండి. బీసీకి 94 టన్నులు రావాల్సిన చోట 75 టన్నుల చీటీలే ఉంటే మీకు పడింది 32 మి.మీ. మర్నాడు రెండు మూడు చోట్ల కోర్ (పొరలోంచి గుండ్రంగా కోసే ముక్క) తీయించి మందం, సాంద్రత చూడండి. కొంత సొమ్ము ఒక వానాకాలం గడిచేదాకా ఆపుతామని ముందే రాసుకోండి. ఒప్పుకోని వాళ్లను వదిలేయడమే మంచిది.

లారీలు గంటల తరబడి నిలిచే చోట, ఇంధనం నింపే చోట, కదలకుండా స్టీరింగ్ తిప్పే మలుపుల్లో ఏ సర్వీసుతోనైనా తారు వద్దు. కారే డీజిల్, నిలిచిన బరువు రెండూ దానికి పడవు. అక్కడ కాంక్రీటు గానీ, బరువు వాహనాలకు తగ్గ పేవర్ బ్లాకులు గానీ వేసి, మిగతాది తారు వేయడం తెలివైన బడ్జెట్.

కాలం విషయానికొస్తే, డిసెంబరు నుంచి మే దాకా పని. మట్టి పని, కాలువల పని ఏప్రిల్, మే నెలల్లో తేలిక. 2027లో గోదావరి పుష్కరాలు వస్తున్నాయి. వాటి ముందు ప్లాంట్లు, పేవర్లు ప్రభుత్వ పనుల మీదే ఉండే అవకాశం ఎక్కువ కాబట్టి, ఆ వేసవిలో చేయించాలనుకునేవాళ్లు మిషన్ తేదీలు చాలా ముందే ఖాయం చేసుకోవాలి.

బస్తా కోల్డ్ మిక్స్ వానాకాలంలో గుంతకు మంచి సరుకే, యార్డు పరచడానికి కాదు. గుంతలో పోసి కాలితో తొక్కితే వారం కూడా ఉండదు. గుంతను చతురస్రంగా, గోడలు నిలువుగా ఉండేలా కోసి, నీరు, బురద తీసేసి, టాక్ పూసి, 50 మి.మీ. మించని పొరలుగా వేసి, ప్లేట్ కంపాక్టర్‌తో దిట్టం చేయాలి. చివరి పొరను పక్క ఉపరితలం కంటే కొద్దిగా ఎత్తుగా వదిలితే వాహనాల బరువుకు సమానమవుతుంది. అదే చోట మళ్లీ గుంత పడితే ఇంకో బస్తా కొనకండి. ఒక మీటరు తవ్వించి, కింద నీరు ఎటునుంచి వస్తోందో చూడండి.