హంద్రియా, తుంగా: మా ఊహా యుద్ధవిమానానికి ఏ ఇంజను మేలు?

ఈ వేసవి సెలవుల్లో కర్నూలులోని మా ఇంట్లో, మా తమ్ముడి కొడుకూ నేనూ కలిసి, విమానాలను ముక్కముక్కగా కూర్చి ఎగరవేసే ఒక సిమ్యులేషన్ ఆటలో యుద్ధవిమానం ఒకటి తయారుచేశాము. చరిత్రలో అటువంటి విమానం లేదు. అయితే 1917 నాటి కార్ఖానాలో తయారు కాగలిగిన వస్తువు తప్ప, ఆ తరువాతి కాలానిది ఒక్క మేకు కూడా అందులో ఉండరాదని నియమం పెట్టుకున్నాము. మొండెం, రెక్కలు, తోక ఒకటే, ముక్కులోని ఇంజను మాత్రం రెండు రకాలు. సిలిండర్లే గిర్రున తిరిగే 130 హార్స్‌పవర్ రోటరీ ఇంజను బిగించిన విమానానికి హంద్రి అనీ, కదలకుండా నిలిచి నీటితో చల్లబడే 200 హార్స్‌పవర్ వి-8 (నాలుగేసి సిలిండర్లు రెండు వరుసల్లో V ఆకారంలో ఉండే) ఇంజను బిగించిన దానికి తుంగ అనీ మా ఊరి నదుల పేర్లే పెట్టాము.

ఇంజనును పైలటు వెనుక పెట్టే పద్ధతిని మొదటే పక్కన పెట్టాము. ముందుకు తుపాకి పేల్చడానికి ప్రొపెల్లరు అడ్డురాకుండా 1916లో బ్రిటిషువారి డి.హెచ్.2 ఆ విధంగానే పనిచేసింది గానీ, తోకను పట్టి ఉంచే కమ్మీలూ తీగలూ గాలిని అడ్డగించి వేగాన్ని మింగివేస్తాయి. ఒంటి రెక్క విమానాన్నీ అట్లాగే వదిలివేశాము. 1915లో జర్మనీవారి ఒంటి రెక్క విమానం ఫోకర్ ఐండెకర్ గడగడలాడించినదంటే, ప్రొపెల్లరు రెక్కల సందుల్లోంచి గుండు పోయేలా తుపాకిని ఇంజనుతో ముడిపెట్టిన ఏర్పాటు అప్పటికి ఎదుటివారి వద్ద లేకపోవడమే కారణం. ఏ చెట్టూ లేని చోట ఆముదం చెట్టే మహావృక్షమన్నట్లు అది ఆ ఏడాదికి చెల్లింది. (దాని రోటరీ ఇంజనుకు పోసినది కూడా ఆముదమే కావడం ఒక వింత.)

హంద్రికి నమూనా సాప్‌విత్ క్యామెల్, తుంగకు నమూనా ఎస్.ఇ.5ఎ. ఈ రెండూ ఒకే దేశంలో (బ్రిటన్‌లో), ఒకే యుద్ధం (మొదటి ప్రపంచ యుద్ధం) కోసం, దాదాపు ఒకే కాలంలో పుట్టినవి: ఎస్.ఇ.5ఎకు తొలి రూపమైన ఎస్.ఇ.5 తొలిసారి 1916 నవంబరు 22న ఎగిరితే, క్యామెల్ సరిగ్గా నెల తరువాత డిసెంబరు 22న ఎగిరింది. అందువల్ల ఈ పోలికలో కాలభేదం అడ్డురాదు. తేడా అంతా ఇంజనులోనే కనబడుతుంది.

కాగితం మీది లెక్క ముందు చూద్దాము. నిండు బరువుతో క్యామెల్ సుమారు 660 కిలోలు, ఎస్.ఇ.5ఎ దాదాపు 900 కిలోలు. రెక్కల వైశాల్యం మాత్రం రెంటికీ 22 చదరపు మీటర్లకు అటూ ఇటూగా ఉన్నది. అంటే చదరపు మీటరు రెక్క మీద మొదటిదానికి 30 కిలోలు, రెండవదానికి 40 కిలోలు పడుతుంది. తక్కువ బరువు మోసే రెక్క తక్కువ వేగంలోనే చిన్న వలయంలో తిరగగలదు కనుక మలుపుల్లో హంద్రిదే పైచేయి. అయితే బరువును ఇంజను శక్తితో భాగించి చూస్తే లెక్క తలకిందులవుతుంది: ఒక్కొక్క హార్స్‌పవర్ వాటాకు క్యామెల్‌లో 5 కిలోలు వస్తే, ఎస్.ఇ.5ఎలో నాలుగున్నర కిలోలే వస్తాయి. బరువైన విమానమే నిజానికి బలమైనది. గంటకు 220 కిలోమీటర్ల వేగం దానికి అందింది, క్యామెల్ 180 దగ్గర ఆగిపోయింది.

ఇక అసలు చిక్కు రోటరీ ఇంజను తిరుగుడులో ఉన్నది. తిరుగుతున్న బొంగరాన్ని పక్కకు నెట్టినప్పుడు అది నెట్టిన దిక్కుకు పోక అడ్డంగా ఒరుగుతుంది. సిలిండర్లన్నీ ప్రొపెల్లరుతో కలిసి తిరిగే రోటరీ ఇంజను ముక్కులో పెట్టుకున్న అటువంటి పెద్ద బొంగరం. అందుకే క్యామెల్ కుడికి తిరిగితే ముక్కు కిందికి దిగేది, ఎడమకు తిరిగితే పైకి లేచేది. ఇంజను, తుపాకులు, పెట్రోలు, పైలటు అన్నీ ముందువైపు రెండు మీటర్లలోనే కుక్కి ఉండడం వల్ల విమానం చిటికెలో దిక్కు మార్చేది; ఆ చురుకుదనమే ఎందరో కొత్త పైలట్లను నేలపాలు చేసింది.

మేము ఆడే ఆటలో ఈ బొంగరపు ప్రభావాన్ని లెక్కలోకి తీసుకోవాలో వద్దో ఎంచుకునే అమరిక ఉన్నది. మా తీర్పు మొత్తం ఆ ఒక్క అమరిక మీదనే ఆధారపడిందని ఒప్పుకోవలసి ఉన్నది. దానిని ఆపివేస్తే హంద్రి తిరుగులేనిది. ప్రతి మలుపులోనూ తుంగ వెనుకకు చేరుతుంది. దానిని నడవనిస్తే, గాలిలోకి లేచిన వెంటనే, వేగం పుంజుకోకముందే కుడికి తిప్పిన ప్రతిసారీ "పెద్దనాయనా, మళ్ళా నేలకు కొట్టుకునింది" అని పిల్లవాడు చెప్పవలసివచ్చేది. ప్రభావాన్ని ఆపివేసి హంద్రిని గెలిపించడమంటే రోటరీ ఇంజను లాభాన్ని ఉంచుకుని దాని మూల్యాన్ని చెల్లించకపోవడమే కనుక, 1917 నియమం పెట్టుకున్న మాకు అది న్యాయమనిపించలేదు.

రోటరీకి ఇంకొక ఇబ్బంది కూడా ఉన్నది. మోటారు సైకిలుకు ఉన్నట్లు నెమ్మదిగా తగ్గించి పెంచే ఏర్పాటు దానికి సరిగా కుదరలేదు. దిగేటప్పుడు బొత్తాము నొక్కి స్పార్కును ఆపుతూ వదులుతూ రావలసిందే. పెట్రోలు ఇంజను లోపలి గుండానే పోతుంది కాబట్టి పెట్రోలులో సులువుగా కరగని ఆముదమే దానికి తగిన నూనె అయింది. వాడిన ఆముదం తిరిగి ఇంజనుకు చేరకుండా పొగతో పాటు బయటికి చిమ్మి పైలటు ముఖాన పడేది. దానిని పీల్చినవారి కడుపు ఏమయ్యేదో, శెనక్కాయ చేని గట్టున ఆముదపు చెట్లు చూస్తూ పెరిగి, చిన్ననాడు ఆముదం తాగినవారికి వేరే చెప్పనక్కరలేదు.

తుంగకు దోషాలు లేవని కాదు. మే నెలలో కర్నూలులో 42 డిగ్రీల ఎండ సాధారణం. 15 డిగ్రీల చలిగాలితో పోలిస్తే ఆ గాలి సాంద్రత ఎనిమిది శాతానికి పైగా తక్కువ. ఆటలో ఉష్ణోగ్రతను ఆ స్థాయికి పెంచినప్పుడు రెండూ మందగించాయి గానీ, బరువు ఎక్కువైన తుంగ నేల విడవడానికి మరింత దూరం పరుగెత్తింది. అంతకన్నా పెద్ద సమస్య రేడియేటరుది. నీరు 100 డిగ్రీల వద్ద మరుగుతుంది కాబట్టి చలిదేశంలో బయటి గాలికీ నీటికీ 85 డిగ్రీల తేడా దొరికితే, మా ఊళ్లో 58 డిగ్రీలే దొరుకుతుంది; అదే వేడిని వదిలించుకోవడానికి రేడియేటరు ఇంచుమించు ఒకటిన్నర రెట్లు పెద్దది కావాలి. పైగా అసలు చరిత్రలోనూ, ఎస్.ఇ.5ఎకు బిగించిన 200 హార్స్‌పవర్ హిస్పానో-సూయిజా తొలి ఇంజన్లలో వేగం తగ్గించే పళ్లచక్రాలు విరిగి చాలా బాధపెట్టాయి. ఆ చక్రాలు లేకుండా ప్రొపెల్లరును నేరుగా తిప్పే వోల్స్‌లీ వైపర్ అనే ఇంజను వచ్చాక గానీ ఆ బాధ తీరలేదు. తుంగలో మేము ఆ పళ్లచక్రాలను పెట్టలేదు.

తుపాకుల విషయంలో మాత్రం హంద్రి ఏర్పాటు నాకు నచ్చింది. క్యామెల్‌లో రెండు వికర్స్ తుపాకులు పైలటు కళ్ల ఎదుటే, ఆ విమానానికి ఒంటె అనే పేరు తెచ్చిన మూపురం కింద ఉంటాయి. ఎస్.ఇ.5ఎలో ఒకటే అక్కడ ఉంటుంది. రెండవది పై రెక్క మీద ఉండడం వల్ల గుళ్ల డబ్బా మార్చాలంటే పోరు నడుమ దానిని కిందికి లాగవలసివచ్చేది.

మన దేశపువారు ఈ రెండు విమానాలనూ నడిపారు. హర్దిత్ సింగ్ మాలిక్ క్యామెల్ మీద యుద్ధం చేస్తే, కలకత్తాలో పుట్టిన ఇంద్రలాల్ రాయ్ 1918 జులైలో ఎస్.ఇ.5ఎ మీద రెండు వారాలలోపే పది విజయాలు సాధించి, అదే నెల 22న పందొమ్మిదేళ్లకే నేలకొరిగాడు. వేగంగా వచ్చి, కొట్టి, మళ్ళీ ఎత్తుకు పోగల విమానం పైలటు చేతిలో ఏమి చేయగలదో ఆ రెండు వారాలు చెబుతున్నాయని నా అభిప్రాయం. ఆటలోనూ తుంగకు సరిపడే పద్ధతి అదే. హంద్రితో గుండ్రంగా తిరుగుతూ పోట్లాడిన ప్రతిసారీ అది ఓడింది, ఎత్తు నుంచి దిగి ఒక్క దెబ్బ కొట్టి పోయినప్పుడు గెలిచింది.

కాబట్టి మేము తుంగనే ఉంచుకున్నాము. హంద్రి నుంచి జంట తుపాకులను తీసుకుని దీనికి బిగించాము. మిగిలినది పెంచిన రేడియేటరుకు చోటు. పై రెక్క నడుమ పెడితే గాలి బాగా తగులుతుంది గానీ, జర్మనీవారి తొలి ఆల్బట్రాస్ డి.3 విమానాల్లో రేడియేటరు అక్కడే ఉన్నందువల్ల గుండు తగిలితే కాగే నీళ్లు నేరుగా పైలటు మీద పడే ప్రమాదం ఉండేది. తరువాత దానిని కుడివైపుకు జరిపారు. అందుకని మా పిల్లవాడు అంత వెడల్పు పలకనూ ముక్కుకే తగిలించాడు. చూడడానికి తుంగ ఇప్పుడు మూతి వాచినట్లు ఉన్నది.