పచ్చబొట్ల బ్లెయిన్ కార్టూనా, విందు బల్ల కార్టూనా? క్లాసులో ఏది చూపిస్తే మేలు

1884 అమెరికా అధ్యక్ష ఎన్నికల్లో రిపబ్లికన్ అభ్యర్థి జేమ్స్ బ్లెయిన్ మీద వచ్చిన కార్టూన్లలో ఈ రెంటి మధ్యే పిల్లలకు పాఠం చెప్పేవాళ్లు తేల్చుకోలేకపోతుంటారు.

ఖర్చు: రెండూ పాతవి, కాపీరైట్ బెడద లేదు. అయితే మొదటిది, పచ్చబొట్లది, రంగుల లిథోగ్రాఫ్ (రాతి పలక మీద గీసి తీసిన అచ్చు). నలుపు తెలుపులో ప్రింట్ తీస్తే సగం అందం పోతుంది. రెండోది దినపత్రిక బొమ్మ, జిరాక్సుకీ తట్టుకుంటుంది.

శ్రమ: బెర్నార్డ్ గిల్లమ్ జూన్ 4న ‘పక్’ అనే హాస్య వారపత్రికలో వేసిన బొమ్మలో బ్లెయిన్ ఒంటినిండా పచ్చబొట్లు. ఒక్కొక్కటీ ఒక్కో కుంభకోణం. బ్లెయిన్‌ను ఇందులో న్యాయస్థానం ముందు నిలబెట్టిన గ్రీకు సుందరి ఫ్రైనీలా చూపించారు కాబట్టి ముందు ఆమె కథ చెప్పాలి, తర్వాత రైల్వే కంపెనీలతో బ్లెయిన్ లావాదేవీలు బయటపెట్టిన మలిగన్ ఉత్తరాల కథ. వాటిలో ఒకదాంట్లో ‘ఈ ఉత్తరం తగలబెట్టు’ అని బ్లెయినే రాశాడని చెప్పగానే క్లాసు నిశ్శబ్దమైపోతుంది.

మెక్‌డూగల్ గీసిన విందు బల్ల బొమ్మకు అంత వివరణ అవసరం లేదు. అక్టోబర్ 29 రాత్రి న్యూయార్క్‌లోని డెల్మోనికోస్ రెస్టారెంట్‌లో బ్లెయిన్ కోటీశ్వరులతో విందు చేశాడు, మర్నాడే ‘వరల్డ్’ దినపత్రిక మొదటి పేజీలో ఈ బొమ్మ. బల్ల మీద ‘మోనోపలీ (గుత్తాధిపత్యం) సూప్’, బల్ల ముందు చేయి చాచిన పేద కుటుంబం. చూడగానే గుండె కలుక్కుమంటుంది.

రిస్క్: మొదటిదాంట్లో ఒంటి మీద బట్టలు దాదాపు లేవు, చిన్న క్లాసులకు ఇబ్బందే. రెండోదాన్ని చూసి బ్లెయిన్ ఓటమికి ఇదొక్కటే కారణం అనుకునే ప్రమాదం ఉంది. ఎన్నికల ఫలితాన్ని తేల్చిన న్యూయార్క్ రాష్ట్రం చేజారింది వెయ్యి పైచిలుకు ఓట్లతోనే, కారణాలు మాత్రం చాలా.

ఒక్క పీరియడే ఉంటే, లేదా హైస్కూల్ పిల్లలైతే, విందు బల్లే. డిగ్రీ విద్యార్థులు, రెండు మూడు గంటల టైమ్ ఉంటే పచ్చబొట్లే చూపించండి.