క్విజ్ లీగ్ కోసం లైట్నర్ పెట్టె: ఆరు సీజన్లు వాడాక నా మాట

మా ఇంట్లో మెట్ల కింద రెండు బూట్ల పెట్టెలు ఉంటాయి. వాటిలో దాదాపు 2,400 అట్ట కార్డులు. ప్రతి కార్డుకీ ముందు ఒక ప్రశ్న, వెనక జవాబు, అన్నీ నా చేతిరాతే. మాంచెస్టర్ దగ్గర ఒక చిన్న ఊళ్లో ఉంటున్నాం. ఇక్కడి పబ్ క్విజ్ లీగ్‌లో ఆరు సీజన్లుగా ఆడుతున్నాను. ఆ ఆటకి నేను చేసిన తయారీ అంతా ఈ పెట్టెల్లోనే ఉంది. ఇలాంటి పెట్టె పెట్టుకోవాలా వద్దా అని ఆలోచిస్తున్నవాళ్ల కోసం ఇది రాస్తున్నాను.

ముందు ఆట గురించి చెప్పాలి, ఎందుకంటే పెట్టె అవసరం అక్కడే పుట్టింది. పబ్‌లో క్విజ్ అంటే చాలామందికి తెలిసింది ఎవరైనా వెళ్లి కూర్చుని, కాగితం మీద జవాబులు రాసి ఇచ్చే ఆట. జనం తక్కువగా వచ్చే రోజుల్లో పబ్‌లు నింపడానికి 1976లో షారన్ బర్న్స్, టామ్ పోర్టర్ అనే ఇద్దరు ఇలాంటి క్విజ్‌లు నడపడం మొదలుపెట్టాక అది బ్రిటన్ అంతా పాకింది. లీగ్ వేరు. క్రికెట్ లీగ్ లాగే దీనికీ జట్లు, పాయింట్ల పట్టిక, ఒక వారం మన పబ్‌లో, ఒక వారం వాళ్ల పబ్‌లో మ్యాచ్. చలికాలమంతా వారానికో రాత్రి. సగం ఆట అయ్యాక శాండ్‌విచ్‌లు, చిప్స్ పెడతారు. నేను మందు ముట్టను, ఆరేళ్లుగా నిమ్మ సోడాతోనే కూర్చుంటున్నాను, ఎవరూ ఒక్క మాట అనలేదు.

మా లీగ్‌లో జట్టుకు నలుగురు. ప్రశ్న జట్టుకు కాదు, ఒక్కో మనిషికి వస్తుంది. ఎవరినీ అడక్కుండా చెబితే రెండు పాయింట్లు. పక్కవాళ్లతో మాట్లాడుకుని చెబితే ఒకటే. తప్పితే అవతలి జట్టుకు వెళ్తుంది, వాళ్లు చెబితే వాళ్లకు ఒకటి. అంటే మన వంతు వచ్చినప్పుడు మన బుర్రలో ఏముందో అదే. మొదటి సీజన్‌లో ఆ కొన్ని సెకన్ల టెన్షన్ నాకు బాగా తెలిసింది.

నిజానికి నేను ధైర్యంగానే వెళ్లాను. హైదరాబాద్ అశోక్‌నగర్‌లో గదిలో ఉండి రెండేళ్లు గ్రూప్స్‌కి చదివినవాణ్ని. బిట్ బ్యాంకులు పెన్సిల్ టిక్కులతో పదిసార్లు తిరగేసినవాణ్ని. లీగ్‌లో ఆ చదువు పని చేయలేదు. కారణం అర్థం కావడానికి నాకు కొన్ని నెలలు పట్టింది. బిట్లకు నాలుగు ఆప్షన్లు ఉంటాయి. సరైనది కంటపడగానే గుర్తొస్తుంది. ఇక్కడ ఆప్షన్లు లేవు, మాటను ఖాళీలోంచి పైకి తీయాలి. చూసి పోల్చుకోవడం ఒక పని, చూడకుండా తలుచుకోవడం ఇంకో పని. నేను రెండేళ్లు చేసింది మొదటిదే.

లైట్నర్ పెట్టె రెండో పని చేయిస్తుంది. సెబాస్టియన్ లైట్నర్ జర్మన్‌లో రాసిన రచయిత, ఈ పద్ధతిని 1972లో ఒక పుస్తకంలో చెప్పాడు. పెట్టెను ఐదు గదులుగా అడ్డం పెట్టాలి. కొత్త కార్డు మొదటి గదిలోకి వెళ్తుంది. వెనక్కి తిప్పకుండా జవాబు చెప్పగలిగితే తర్వాతి గదికి జరుగుతుంది. చెప్పలేకపోతే ఏ గదిలో ఉన్నా సరే, మళ్లీ మొదటి గదికే. నేను మొదటి గది రోజూ చూస్తాను, రెండోది మూడు రోజులకోసారి, మూడోది వారానికి, నాలుగోది పదిహేను రోజులకి, ఐదోది నెలకి. బాగా వచ్చినదాని మీద సమయం పోదు, రానిది మాత్రం వదలదు. మనిషి మరపు ఎలా నడుస్తుందో హెర్మన్ ఎబ్బింగ్‌హౌస్ అర్థంలేని అక్షరాల గుంపులు తానే బట్టీపట్టి, తన మీద తానే పరీక్షించి 1885లో ప్రచురించాడు. మరిచిపోయే అంచుదాకా వెళ్లినదాన్ని మళ్లీ పైకి తీస్తే గట్టిపడుతుందని నేను ఈ కార్డులతో కళ్లారా చూశాను.

ఇదంతా నిజమే, కానీ మొదటి ఏడాది పెట్టె నాకు సగమే పని చేసింది. తప్పు పద్ధతిది కాదు, నేను కార్డు రాసిన తీరుది. ఒక మ్యాచ్ చెబుతాను. నా దగ్గర ఒక కార్డు ఉండేది: హత్యకు గురైన ఒకే ఒక్క బ్రిటన్ ప్రధాని ఎవరు? వెనక స్పెన్సర్ పర్సివల్. అది ఐదో గదికి చేరిపోయింది. నిద్రలో లేపి అడిగినా చెప్పేవాణ్ని. ఆ రాత్రి నాకు వచ్చిన ప్రశ్న ఇలా ఉంది: రష్యాలో జైలుపాలైన ఒక వ్యాపారి, తనకు నష్టపరిహారం ఇవ్వలేదన్న కోపంతో ఎవరిని కాల్చాడు? నేను చెప్పలేకపోయాను. అవతలి జట్టులో ఒక పెద్దావిడ నెమ్మదిగా పర్సివల్ అంది, ఆ పాయింట్ వాళ్లకు పోయింది. ఇంటికి వచ్చి కార్డు తీసి చూస్తే దాని మీద ఉన్నది రెండు మాటలే. 1812 మే 11న పార్లమెంటు దిగువ సభ లాబీలో జాన్ బెల్లింగ్‌హామ్ అతన్ని కాల్చాడని గానీ, ఎందుకు కాల్చాడో గానీ అందులో ఒక్క ముక్క లేదు. బిట్ బ్యాంకునే కత్తిరించి పెట్టెలో వేసుకున్నాను.

అప్పటినుంచి ప్రతి కార్డు వెనకా జవాబు కింద 'ఎందుకు' అని ఒక గీత గీసి, దాని కింద కారణం రాస్తున్నాను. కారణం దొరకని విషయాన్ని వీలైనంతవరకు పెట్టెలోకి రానివ్వను. ఆస్ట్రేలియా రాజధాని కాన్‌బెర్రా అని ఎవరైనా బట్టీపడతారు. సిడ్నీ, మెల్‌బోర్న్ నగరాల పోటీ తెగక మధ్యలో కొత్త ఊరు కట్టారనీ, సిడ్నీకి కనీసం 100 మైళ్ల దూరంలో ఉండాలని రాజ్యాంగంలోనే రాసుకున్నారనీ, పార్లమెంటు 1927 దాకా మెల్‌బోర్న్‌లోనే నడిచిందనీ తెలిస్తే ఒక్క కార్డు నాలుగు ప్రశ్నలకు జవాబిస్తుంది. సీసానికి గుర్తు పీబీ ఎందుకంటే లాటిన్‌లో దాని పేరు ప్లంబమ్. పాతకాలపు నీటి గొట్టాలు సీసంతో చేసేవారు, అందుకే ప్లంబర్ అన్న మాట. ఈ కార్డు రాశాక ఒక్కసారి కూడా తప్పలేదు.

ప్రశ్నలు ఎక్కడినుంచి తెచ్చుకోవాలని అడిగేవాళ్లుంటారు. అచ్చువేసిన కార్డుల సెట్లు దొరుకుతాయి, మొదట్లో ఒకటి కొన్నాను, పెద్దగా ఉపయోగపడలేదు. నా పెట్టెలో నిలబడినవి మ్యాచ్‌లో మేం తప్పినవి, ఇంకా అవతలివాళ్లు చెప్పగా విన్నవి. ఆ ప్రశ్నతో పాటు ఆ పబ్, ఆ చలి, ఎవరు ఏమన్నారో కూడా గుర్తుంటుంది. ఒక్కో మ్యాచ్ తర్వాత పది పన్నెండు రాస్తాను, అంతకుమించి రాయను. రాత్రే రాసేయాలి, తెల్లారితే సగం పోతాయి.

మనవాళ్లకు పనికొచ్చే మాట ఒకటి. ఇక్కడి పేర్లు రాసినట్టు పలకరు. స్పెల్లింగ్ చూస్తే ఆల్న్‌విక్ అనిపించే ఊరు నోటికి వచ్చేసరికి ఆనిక్. ఆక్స్‌ఫర్డ్‌లోని కాలేజీ చదవడానికి మాగ్డలెన్, పలకడానికి మాడ్లిన్. చమ్లీ అనే ఇంటిపేరు అక్షరాల్లో చూస్తే ఎవరూ అలా చదవలేరు. ప్రశ్న చెవితో వింటాం కాబట్టి, కంటితో నేర్చుకున్న పేరు ఆ క్షణంలో అందదు. అందుకని ఇలాంటి పేర్ల పక్కన తెలుగులో ఉచ్చారణ రాసుకుంటాను. మన లిపిలో రాస్తే పలుకు దాదాపు అచ్చంగా దిగుతుంది. ఇంకో పని కూడా చేస్తున్నాం. ఆదివారం పొద్దున కార్డులు నేను చూడను, మా పాప చదివి అడుగుతుంది. "నాన్నా, ఇది పోయిన వారం కూడా తప్పే చెప్పావు" అంటూ మొదటి గదిలో పడేస్తుంది. విని చెప్పడం అలవాటైంది ఆ ఆదివారాల వల్లే.

పెట్టెకు లొంగని విషయాలూ ఉన్నాయి. టీవీ సీరియళ్లు అలాంటివే. కొరొనేషన్ స్ట్రీట్ 1960 డిసెంబరులో మొదలై ఇప్పటికీ వస్తోంది, అందులోని పబ్ పేరు రోవర్స్ రిటర్న్. ఇలాంటివి రెండు వందల దాకా రాశాను, చాలావరకు మొదటి గదికే తిరిగొచ్చాయి. నేను ఆ సీరియల్ చూస్తూ పెరగలేదు, వాటికి అతుక్కోవడానికి నాలో ఏమీ లేదు. మా జట్టులో ఒక రిటైరైన నర్సు ఉంది, ఆవిడకు అవన్నీ చిన్నప్పటి జ్ఞాపకాలు. ఫుట్‌బాల్‌కి ఒక పోస్ట్‌మాన్ ఉన్నాడు. మూడో సీజన్‌లో ఆ కార్డులన్నీ తీసేశాను. నా వంతుకి సీరియల్ ప్రశ్న వస్తే ఆవిడను అడిగి ఒక పాయింట్ తీసుకుంటాను. రాజధానులు, రసాయనాలు, రాజులు, నదులు నావి. నలుగురూ ఒకటే చదివితే జట్టుకు లాభం లేదు.

కాగితంతో ఉన్న పెద్ద ఇబ్బంది పాతబడటం. కజకిస్తాన్ రాజధాని నూర్-సుల్తాన్ అని రాసుకుంటే 2022లో మళ్లీ అస్తానా చేశారు. స్వాజిలాండ్ 2018లో ఎస్వాటినీ అయింది. క్రొయేషియా 2023 జనవరి నుంచి యూరోకి మారింది. ఉపగ్రహాల సంఖ్యలో గురుడు 2023 ఫిబ్రవరిలో శనిని దాటాడు, మేలో శని మళ్లీ ముందుకొచ్చాడు, 2025 మార్చికి శనికి 274. పాత కార్డు తనంతట తాను మారదు, ఐదో గదిలో నమ్మకంగా కూర్చుని తప్పు నేర్పుతుంది. అందుకే మారే విషయాల కార్డులకు మూల మీద ఎర్ర చుక్క పెట్టి, ప్రతి ఆగస్టులో అవన్నీ సరిచూస్తాను. ఒక సాయంత్రం పడుతుంది.

రెండోది సెలవుల బాధ. ఒకసారి ఇండియా వచ్చి నాలుగు వారాలు ఉన్నాం. తిరిగి వెళ్లేసరికి చూడాల్సిన కార్డులు నాలుగు వందలు దాటాయి. అన్నీ ఒక్కరోజులో చేయబోయి విసుగొచ్చి పది రోజులు పెట్టె ముట్టుకోలేదు. ఇప్పుడు ప్రయాణానికి ముందు వారం కొత్త కార్డులు ఆపేస్తాను, వచ్చాక రోజుకు నలభై చొప్పున తీస్తాను. ఫోన్‌లో ఇదే పని చేసే యాప్‌లు ఉన్నాయి, లెక్కంతా అవే చూసుకుంటాయి, జేబులో పడతాయి. కానీ చేత్తో రాస్తున్నప్పుడే నాకు సగం వస్తుంది, అందుకే పెట్టె వదల్లేదు. ఖర్చు ఎంతో లేదు. ఐదంగుళాలు, మూడంగుళాల గీతల కార్డులు, బూట్ల పెట్టె, అడ్డం పెట్టడానికి అట్ట ముక్కలు. కాస్త మందం కార్డులే కొనండి, పలచనివి ఒక సీజన్‌కే అంచులు చిరుగుతాయి.

ఒకే ఒక్కసారి చూసి మళ్లీ తప్పని కార్డులు కూడా ఉన్నాయి. దోమ కడుపులో మలేరియా క్రిమిని రోనాల్డ్ రాస్ 1897 ఆగస్టు 20న చూసింది సికింద్రాబాద్‌లో. ఆ కార్డు రాసేటప్పుడు నాకు బేగంపేట కళ్లముందు కనిపించింది. తర్వాత ఆయన పాఠాలు చెప్పిన లివర్‌పూల్ మా ఇంటికి గంట దూరం.

పోయిన సీజన్ చివరి మ్యాచ్‌లో నాకు వచ్చిన ప్రశ్నకు మాత్రం కార్డే లేదు. బాండికూట్ అనే ఇంగ్లీషు మాట ఏ భాషనుంచి వచ్చింది? అది ఆస్ట్రేలియా జంతువు పేరని మాత్రమే నాకు తెలుసు. నర్సు నావైపు తిరిగింది, పక్కవాళ్లను అడుగుతావా అన్నట్టు. నేను ఆ మాటను లోపల ఒకసారి మెల్లగా అనుకున్నాను. బాండి కూట్. పంది కొక్కు. మా అమ్మమ్మ వాళ్ల ఊళ్లో వడ్ల గాదె కింద బొరియలు తవ్వేది, రాత్రిళ్లు తాతయ్య లాంతరు పట్టుకుని తరిమేది అదే. తెలుగు అన్నాను. క్విజ్ మాస్టర్ కాగితం చూసి తలూపాడు. రెండు పాయింట్లు.

ఆ రాత్రి ఇంటికొచ్చి దానికీ ఒక కార్డు రాశాను, నాకోసం కాదు. ఆదివారం పాప దాన్ని పైకి తీసి చదివి, "పందికొక్కు అంటే ఎలా ఉంటుంది నాన్నా?" అని అడిగింది. మిగతా కార్డులు ఆ పూటకి పక్కన పెట్టేశాం.