రోమ్‌లో తొలి పోప్‌ల జాడ: ఏ చోటు ఎంత చెబుతుంది, ఎక్కడ దిగితే మేలు

పోప్ అంటే రోమ్ బిషప్. యేసు శిష్యుడు పేతురు నుంచి నేటి పోప్ దాకా ఆ గొలుసు ఎక్కడా తెగలేదని కాథలిక్ సభ చెబుతుంది. రెండో శతాబ్దం సగం దాకా రోమ్‌లో ఒకే బిషప్ అన్న పద్ధతే లేదని, పెద్దల బృందమే సంఘాన్ని నడిపిందని చాలామంది చరిత్రకారులు అంటారు; వాళ్లలో కాథలిక్కులూ ఉన్నారు. ఈ తగవు తేల్చుకుందామని రోమ్ వెళ్లేవాళ్లు వాటికన్‌తో మొదలుపెట్టకూడదు. ఆధారం గట్టిగా ఉన్నచోట మొదలుపెట్టి కాలంలో వెనక్కి నడవాలి.

ఆ చోటు అప్పియా రోడ్డులోని సాన్ కల్లిస్తో భూగర్భ శ్మశానం. 1854లో పురాతత్వవేత్త దె రోస్సి బయటపెట్టిన పోప్‌ల గదిలో మూడో శతాబ్దపు బిషప్‌లు తొమ్మిది మంది సమాధి అయ్యారు. వాళ్లలో పొంతియన్, అంతెరోస్, ఫాబియన్, లూసియస్, యుతికియన్ పేర్లు గ్రీకు అక్షరాల్లో రాతి పలకల మీద మిగిలాయి. 250లో చనిపోయిన ఫాబియన్ పేరు పక్కన బిషప్ అనే హోదా కుదించిన రూపంలో కనిపిస్తుంది. గైడ్ లేనిదే లోపలికి పంపరు, ఫోటోలు తీయనివ్వరు, బుధవారం సెలవు. చలికాలంలో కొన్ని వారాలు పూర్తిగా మూస్తారు. ఎండాకాలంలోనూ లోపల చల్లగానే ఉంటుంది. ఆ గదిలో నిలిపేది కొద్ది నిమిషాలే, పేర్లు ముందే చదువుకుని వెళ్లాలి.

కొలోసియం దగ్గరి సాన్ క్లెమెంతే గుడి చూడటానికి బాగుంటుంది, వాదనకు మాత్రం అంతగా అక్కరకు రాదు. పైన పన్నెండో శతాబ్దపు గుడి, దాని కింద నాలుగో శతాబ్దపుది, ఇంకా కింద ఒకటో శతాబ్దపు గోడలు, రోమన్లు కొలిచిన మిత్ర దేవుడి మందిరం. తొలి పోప్‌లలో ఒకడిగా చెప్పే క్లెమెంట్ ఇల్లు అదేనని తేల్చే ఆధారం లేదు. 96 ప్రాంతంలో గ్రీసులోని కొరింథు సంఘానికి వెళ్లిన లేఖ ఆయనదే అంటారు కానీ, లోపల పలికేది రోమ్ సంఘం. ఆయన పేరు లేదు. 180 ప్రాంతంలో బిషప్ ఇరేనియస్ రాసిన రోమ్ బిషప్‌ల జాబితాలో లినస్, అనక్లెటస్ తర్వాత క్లెమెంట్ వస్తాడు. తొలినాటి క్రైస్తవ రచయిత తెర్తుల్లియనేమో పేతురే ఆయన్ను నియమించాడంటాడు.

వాటికన్‌లో చూడాల్సింది సెయింట్ పీటర్స్ బసిలికా కింది తవ్వకాలు, స్కావి. 160 ప్రాంతంలో పేతురు పేర కట్టిన చిన్న స్మారకం అక్కడుంది. పేతురు స్మృతి ఎంత పాతదో అది చూపుతుంది. ఆయన బిషప్ పదవిలో ఉన్నాడని చూపదు. అక్కడ దొరికిన ఎముకల సంగతి మరీ చిక్కు. సమాధి దొరికిందని 1950లో ప్రకటించిన పోప్ 12వ పియస్, ఎముకలు పేతురువేనని తేల్చలేమన్నాడు. 1968లో పోప్ 6వ పాల్, శాసనాల నిపుణురాలు గ్వార్దుచ్చి పరిశోధన తర్వాత, పేతురు ఎముకలను నమ్మదగిన రీతిలో గుర్తించారని ప్రకటించాడు. తవ్వకాల్లో పాల్గొన్న జెస్విట్ గురువు ఫెర్రువా చివరిదాకా ఒప్పుకోలేదు. గైడ్ 6వ పాల్ ప్రకటనతోనే ఆపేస్తే ఫెర్రువా గురించి మీరే అడగండి.

స్కావికి తవ్వకాల ఆఫీసుకు నెలల ముందే రాయాలి: అందరి పేర్లు, కావాల్సిన భాష, వీలైన తేదీలు. ఒక్క తేదీనే పట్టుకుంటే దొరకడం కష్టం. పదిహేనేళ్లు నిండనివాళ్లను రానివ్వరు. ఒక్కో జట్టులో డజను మందే, సుమారు గంటన్నర పడుతుంది. లోపల ఇరుకు, ఉక్క. ఊపిరాడని భయం ఉన్నవాళ్లు మానుకోవడం మంచిది. లూర్దు, ఫాతిమా వంటి మరియమాత క్షేత్రాలతో కలిపి బస్సు నిండా జనంతో వచ్చే యాత్రా ప్యాకేజీల్లో దీనికి చోటుండదు. పోప్‌ల సమాధులున్న గ్రొత్తె వేరు, అది ఒక అంతస్తు పైన, టికెట్ అక్కర్లేదు. బయటి ఏజెంట్లు ‘అండర్‌గ్రౌండ్’ అని అమ్మేది తరచుగా అదే.

బసకు వాటికన్ చుట్టుపక్కల కన్నా సాన్ జొవాన్ని పేట నయం. వాటికన్‌కు మెట్రో ఏ లైను, శ్మశానాల వైపు 218 బస్సు, సాన్ క్లెమెంతేకు కాలినడక, పక్కనే పోప్ సొంత కేథడ్రల్ లాటెరన్. కాన్వెంట్ గెస్ట్‌హౌస్‌లు శుభ్రంగా ఉంటాయి. రాత్రి తలుపు ఎప్పుడు వేస్తారో, లిఫ్టు ఉందో లేదో బుక్ చేసేముందే అడగాలి. నగర పన్ను మనిషికి, రాత్రికి చొప్పున గది అద్దెకు అదనం.

సెయింట్ పాల్ బసిలికాను చివరికి ఉంచుకోండి. టెర్మినిలో మెట్రో బి లైనుకు మారవచ్చు. 1823 అగ్నిప్రమాదం తర్వాత తిరిగి కట్టిన ఆ గోడల మీద పేతురు మొదలు పోప్‌లందరి ముఖాలూ గుండ్రటి మొజాయిక్‌లలో, మధ్యలో ఎవరూ తప్పకుండా వరసగా ఉంటాయి. మొదటి డజను ముఖాలను ఇరేనియస్ జాబితాతో పోల్చి చూడాలంటే బైనాక్యులర్ కావాలి, అవి చాలా ఎత్తులో ఉన్నాయి.