ఇనుము సిగ్నల్: నొక్కేయాలా, వినాలా, తవ్వేయాలా? ఏది మేలు?

పాత ఇల్లు కూలిన స్థలంలో మెటల్ డిటెక్టర్ పట్టుకుని దిగితే పది నిమిషాల్లో ఓపిక నశిస్తుంది. కాయిల్ (నేల మీద తిప్పే గుండ్రటి తీగచుట్ట) ఇటు తిప్పితే మేకు, అటు తిప్పితే మేకు. నడుమ తుప్పు పట్టిన తీగ ముక్కలు, విరిగిన గొళ్లాలు, బోల్టులు. ఈ గోల తట్టుకోవడానికి మూడు దారులున్నాయి. డిస్క్రిమినేషన్ పెట్టి ఇనుము అసలు వినపడకుండా చేయడం ఒకటి. దానికి ఒక బొంగురు టోన్ ఇచ్చి వింటూ ఉండటం రెండోది. ఏదీ వదలకుండా తవ్వేయడం మూడోది. మూడూ చేసి చూశాక నా ఓటు రెండోదానికే.

ముందు డిస్క్రిమినేషన్ సంగతి. మనలో ఎక్కువమంది వాడే వీఎల్ఎఫ్ (చాలా తక్కువ ఫ్రీక్వెన్సీతో పనిచేసే) మెషిన్లు నేలలోకి అయస్కాంత క్షేత్రాన్ని పంపి, లోపలి లోహం ఎంత ఆలస్యంగా, ఎలా బదులిస్తుందో కొలుస్తాయి. ఇనుము అయస్కాంతానికి అంటుకునే లోహం కాబట్టి దాని బదులు రాగి, వెండి ఇచ్చేదానికంటే వేరుగా ఉంటుంది. మెషిన్ ఆ తేడాను ఒక నంబరుగా చూపిస్తుంది. మైన్‌ల్యాబ్ ఈక్వినాక్స్ 800 అనే మెషిన్‌లో ఈ నంబర్లు -9 నుంచి 40 దాకా ఉంటాయి. సున్నా, దానికి కింద ఉన్నవన్నీ ఇనుము లెక్క. ఆ నంబర్లను రిజెక్ట్‌లో పెడితే మేకు మీద కాయిల్ పోయినా చప్పుడు రాదు. ప్రాణం హాయిగా ఉంటుంది.

కానీ నొక్కేసింది ఒక్క మేకునే కాదు. మేకు, నాణెం రెండూ ఒకేసారి కాయిల్ కిందికి వస్తే వాటి బదులు కలగాపులగంగా అందుతుంది. మెషిన్ దాన్ని ఇనుమనుకుని గొంతు మూసేస్తుంది. మళ్లీ తెరవడానికి దానికి క్షణంలో కొంత భాగం పడుతుంది. ఆలోపు కాయిల్ నాణెం దాటిపోతుంది. దీన్నే మాస్కింగ్ అంటారు. నమ్మకం కుదరకపోతే ఇంట్లోనే చూడొచ్చు. ఇనుము లేని చెక్క పలక మీద ఒక నాణెం పెట్టి, చుట్టూ బెత్తెడు దూరంలో నాలుగు మేకులు పేర్చండి. రిజెక్ట్ పెట్టి ఒక వైపు నుంచి తిప్పితే నాణెం పలుకుతుంది, పక్కకు జరిగి తిప్పితే అక్కడేమీ లేనట్టే ఉంటుంది. అప్పుడు రిజెక్ట్ తీసేసి వినండి. గుర్రు, గుర్రు, వాటి మధ్య తెగిపోయిన ఒక సన్నని టింగు. నాకు ఆ తెగిన టింగు విన్నాకే ఈ పని అర్థమైంది.

ఇంకో నష్టం కూడా ఉంది. ఖనిజాలు ఎక్కువగా ఉన్న నేలలో లోతున పడిన మంచి నాణెం నంబరు కిందికి జారి, ఒక్కోసారి ఇనుము వరుసలోకే వెళ్తుంది. రిజెక్ట్ పెట్టినవాళ్లకు అది ఎప్పటికీ దొరకదు. సన్నని బంగారు ఉంగరాలు ఇనుము గీతకు కాస్త పైనే పలుకుతాయి. అందుకే రిజెక్ట్ గీతను "ఇంకొంచెం, ఇంకొంచెం" అని పైకి జరపడం ప్రమాదం. చెత్త తక్కువగా ఉన్న పచ్చిక నేలలో, గంట మాత్రమే సమయం ఉన్నప్పుడు, కొత్తగా నేర్చుకునేవాళ్లకు డిస్క్రిమినేషన్ తప్పు కాదు. గీతను మాత్రం కిందే ఉంచండి.

పోనీ రిజెక్ట్ ఇనుమునంతా ఆపుతుందా అంటే, అదీ లేదు. పెద్ద రేకులు, వంగిన మేకులు, సోడా సీసాల ఉక్కు మూతలు మంచి లోహంలా పైటోన్‌లో పలికి మోసం చేస్తాయి. ఇక్కడే వినే పద్ధతి గెలుస్తుంది. టింగుమన్న చోట ఆగి, నిలబడ్డ దిక్కు నుంచి తొంభై డిగ్రీలు తిరిగి మళ్లీ తిప్పండి. నాణెమైతే చాలాసార్లు అదే చోట అదే టోన్ ఇస్తుంది. వంగిన మేకైతే టింగు కాస్తా గుర్రుమంటుంది, లేదా సిగ్నల్ జానెడు పక్కకు జరుగుతుంది. పిన్‌పాయింట్ చేసినా, అంటే సరిగ్గా ఎక్కడుందో గురి చూసినా, చోటు కుదరదు. ఇనుమును మూగ చేసి ఉంటే టింగు చివర తగిలే ఆ గుర్రు మీకు వినపడేదే కాదు.

గంటల తరబడి బొంగురు చప్పుడు వింటే తల పగులుతుంది, నిజమే. దానికి విరుగుడు ఉంది. గ్యారెట్ ఏటీ ప్రో అనే మెషిన్‌లో ఇనుము టోన్‌ను కావాలన్నప్పుడు వినడానికి, వద్దన్నప్పుడు ఆపడానికి ఐరన్ ఆడియో అనే ఏర్పాటు ఉంది. చాలా కొత్త మెషిన్లలో ఇనుము టోన్ వాల్యూమ్ ఒక్కటే తగ్గించుకోవచ్చు. నేను గుసగుస స్థాయిలో పెట్టుకుంటాను. ఐరన్ బయాస్ (అనుమానం ఉన్న సిగ్నల్‌ను ఇనుము వైపు మొగ్గేలా చేసేది) అనే సెట్టింగు ఉంటే జాగ్రత్త. దాన్ని పెంచితే సీసా మూతల మోసం తగ్గుతుంది, కానీ మేకు పక్కనున్న నాణేన్నీ మెషిన్ ఇనుమనే అంటుంది. మేకులు నిండిన చోట తక్కువలోనే ఉంచాలి.

ఇనుము గోల ఈ పనికి పుట్టుకతో వచ్చిందే. 1881లో అమెరికా అధ్యక్షుడు గార్ఫీల్డ్ ఒంట్లో దిగిన తూటాను వెతకడానికి అలెగ్జాండర్ గ్రాహం బెల్ తన పరికరం తెచ్చాడు. తూటా దొరకలేదు. రోగి పడుకున్న పరుపులో ఉక్కు తీగలున్నాయని తర్వాత తెలిసింది. ఏ చప్పుడు దేనిదో తేల్చుకోవడమే అప్పుడూ ఇప్పుడూ అసలు పని.

ఇక అన్నీ తవ్వేయడం. నిజాయితీగా చూస్తే దేన్నీ వదలని దారి ఇదొక్కటే. పల్స్ ఇండక్షన్ (ఆగి ఆగి అయస్కాంత పల్స్‌లు పంపే) మెషిన్లతో బంగారు గడ్డలు వెతికేవాళ్లు దాదాపు ఇలాగే చేస్తారు, ఎందుకంటే ఆ మెషిన్లు ఇనుమును నమ్మకంగా వేరు చేయలేవు. పెద్ద పొలంలో మాత్రం మధ్యాహ్నానికే నడుం పడిపోతుంది. చిన్న చోటులో దీనికి సాటి లేదు, ఎందుకంటే పైనున్న మేకు తీసేస్తేనే కిందిది పలుకుతుంది.

కాబట్టి నేను ముందు ఇనుము టోన్ వింటూ స్థలమంతా నెమ్మదిగా తిరుగుతాను. గుర్రుల మధ్య టింగులు ఎక్కువగా తగిలిన చోట పదకొండు అంగుళాల కాయిల్ తీసి ఆరు అంగుళాలది బిగిస్తాను. లోతు కొంత తగ్గుతుంది, కానీ మేకుకూ నాణేనికీ మధ్య సందు దొరుకుతుంది. అక్కడ నాలుగడుగుల గడి గీసి, అందులో పలికినదల్లా తవ్వుతాను. మేకులను మళ్లీ గుంటలో పడేయకుండా సంచిలో వేసి, గుంట పూడ్చి, అదే గడిలో కాయిల్ ఇంకోసారి తిప్పుతాను. ఇందాక లేని టింగు ఒక్కోసారి అప్పుడే వస్తుంది.