ఫిజిక్స్ పేపర్ ఎక్కడికి పంపాలి? సొసైటీ జర్నళ్ల సేవపై సమీక్ష

ఎచ్చెర్లలో పీహెచ్‌డీ చేసేవారికైనా, విజయనగరంలో పాఠం చెప్పే లెక్చరర్‌కైనా "వారంలో పబ్లికేషన్, ఫీజు ఇంత" అనే మెయిళ్లు వస్తూనే ఉంటాయి. నమ్మదగ్గ జర్నళ్ల పేర్లతో యూజీసీ ఉంచిన కేర్ జాబితాను 2025 ఫిబ్రవరిలో ఎత్తేశాక, ఏది అసలు జర్నలో తేల్చుకునే బరువు రాసేవారి మీదే పడింది. ఆ మెయిళ్లు పక్కన పెట్టి, శాస్త్రవేత్తల సంఘాలు నడిపే జర్నళ్ల వైపు చూడండి. ఇక్కడ చూసేవి రెండు: అమెరికన్ ఫిజికల్ సొసైటీ వారి ఫిజికల్ రివ్యూ (ఇది ఒక్క జర్నల్ కాదు, బి, ఇ, లెటర్స్ లాంటి పేర్లతో ఉండే కుటుంబం), బెంగళూరు ఇండియన్ అకాడమీ ఆఫ్ సైన్సెస్ వారి ప్రమాణ.

ముందు డబ్బు సంగతి. ఫిజికల్ రివ్యూ బి, ఇ లాంటి వాటిలో సబ్‌స్క్రిప్షన్ పద్ధతి (చదివేవారు చందా కట్టేది) ఎంచుకుంటే రచయిత పైసా కట్టక్కర్లేదు. ఓపెన్ యాక్సెస్ (అందరూ ఉచితంగా చదివేలా రచయితే డబ్బు కట్టేది) ఎంచుకుంటే మాత్రం బిల్లు లక్ష రూపాయలు దాటుతుంది, కాబట్టి ఆ పేజీ నిదానంగా చదివి టిక్ పెట్టండి. ఖర్చు లేకుండా అందరూ చదవాలనుకుంటే పేపర్‌ను ఆర్కైవ్‌లో (arXiv, పేపర్లు ఉచితంగా దొరికే వెబ్‌సైట్) పెట్టుకోవచ్చు, సొసైటీ ఒప్పుకుంటుంది. ఆర్కైవ్‌లో మొదటిసారి పెట్టేవారికి ఆ రంగంలో ఇప్పటికే రాస్తున్నవారి ఎండార్స్‌మెంట్, అంటే సిఫారసు, కావాల్సి రావచ్చు. గైడ్‌ని ముందే అడిగి ఉంచుకోండి.

ఎక్కువమంది తడబడేది బొమ్మల దగ్గర. ఒక కాలమ్ వెడల్పు 8.6 సెంటీమీటర్లు. కంప్యూటర్ తెర నిండా గీసిన గ్రాఫ్‌ని అంతకు కుదిస్తే అక్షం మీది అంకెలు చీమల్లా అయిపోతాయి. అంకె ఎత్తు కనీసం 2 మిల్లీమీటర్లు ఉండాలి. అసలు సైజులో కాగితం మీద ప్రింట్ తీసి స్కేలు పెట్టి చూడండి, ఐదు నిమిషాల పని. ఫిజికల్ రివ్యూ లెటర్స్‌కి పంపేవారికి ఇంకో లెక్క ఉంది: మొత్తం 3,750 పదాలు. అందులో బొమ్మలూ సమీకరణాలూ కూడా పదాలుగానే లెక్క. వెడల్పు ఎత్తుకి ఒకటిన్నర రెట్లుండే ఒక కాలమ్ బొమ్మకి 120 పదాలు పోతాయి, సమీకరణంలో ఒక్కో వరుసకి 16. నాలుగు బొమ్మలూ ఇరవై వరుసల సమీకరణాలూ ఉంటే 800 పదాలు అక్కడే ఖర్చు. సారాంశం, రిఫరెన్సులు ఈ లెక్కలోకి రావు.

రిఫరీ రిపోర్టులే, అంటే పేపర్‌ను పరిశీలించిన ఆ రంగం నిపుణులు రాసే అభిప్రాయాలే, ఈ సేవలో అసలు విలువ. పేపర్ తిరిగొచ్చినా, తప్పెక్కడుందో చెప్పే మాటలు చేతికొస్తాయి. ఒక్కో అభ్యంతరానికీ విడివిడిగా జవాబు రాయండి, ఏ పేజీలో ఏం మార్చారో చూపించండి. నిర్ణయం అన్యాయమనిపిస్తే అప్పీలు చేసుకునే పద్ధతీ ఉంది. అయితే నెలలు పట్టొచ్చు. థీసిస్ గడువు నెత్తిమీద పెట్టుకుని పంపితే నలిగిపోతారు.

ప్రమాణ 1973 నుంచి వస్తోంది. పాత సంచికలు అకాడమీ సైట్‌లో ఉచితంగా దొరుకుతాయి, ఎమ్మెస్సీ ప్రాజెక్టుకి రిఫరెన్సులు వెతికేవారికి ఇది పెద్ద ఆసరా.

జర్నళ్లు చదవడం దగ్గరే ప్రభుత్వ, ప్రైవేటు కాలేజీలకు తేడా ఉంది. 2025 జనవరి నుంచి కేంద్ర ప్రభుత్వ పథకం వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్ కింద 30 ప్రచురణ సంస్థల 13,000 దాకా జర్నళ్లు ప్రభుత్వ విద్యాసంస్థలకు అందుతున్నాయి. మొదటి దశలో ప్రైవేటు కాలేజీలు లేవు. టెక్కలి, రాజాం వైపు ప్రైవేటు కాలేజీల్లో పనిచేసేవారు పేపర్ శీర్షికని ముందు ఆర్కైవ్‌లో వెతకండి. దొరక్కపోతే రచయితకే మెయిల్ రాసి కాపీ అడగండి, అడగడంలో తప్పేమీ లేదు.