మీటర్ మీద 58,000, అసలు లెక్క ఆ దేవుడికే తెలియాలి: సెకండ్ హ్యాండ్ డీజిల్ కొనేవాళ్లు జాగ్రత్త

ఇప్పుడే ఇంటికొచ్చాను. ఒళ్లు ఇంకా మండిపోతూనే ఉంది, రాతలో తప్పులుంటే సర్దుకోండి.

నాది హైదరాబాద్‌లో హయత్‌నగర్, ఆఫీసు ఊరికి ఆ చివర నానక్‌రాంగూడలో. పెద్ద అంబర్‌పేట దగ్గర ఓఆర్ఆర్ (ఔటర్ రింగ్ రోడ్డు) ఎక్కి శంషాబాద్ మీదుగా వెళ్తే రానుపోను 120 కిలోమీటర్ల పైనే. మెట్రో ఎక్కొచ్చుగా అనకండి, రెండేళ్లు ఎక్కాను, అమీర్‌పేటలో రైలు మారడం చాలు జీవితానికి. పాత పెట్రోల్ బండి మూలన పడింది. నెలకి రెండున్నర వేల కిలోమీటర్లు తిరిగేవాడికి డీజిలే గిట్టుబాటు అని లెక్కలేశాను. మారుతి 2020లోనే డీజిల్ ఆపేసింది, మన బడ్జెట్లో కొత్త డీజిల్ సెడాన్ దొరికే రోజులు పోయాయి. అందుకే సెకండ్ హ్యాండ్. ఎల్బీ నగర్ దాటాక రోడ్డు పక్కన వరసగా కార్లు నిలబెట్టి ఉంటాయి చూడండి, ఆ డీలర్లలో ఒకడి దగ్గర కొన్నాను. పేరు రాయను. ఫ్లెక్సీ మీద మాత్రం 'జెన్యూన్ కిలోమీటర్స్' అని ఎర్రక్షరాల్లో ఉంటుంది.

2018 మోడల్, సింగిల్ ఓనర్, మీటర్ మీద 58 వేలు. "అన్నా, డాక్టర్ గారి బండి. ఇంటి నుంచి హాస్పిటల్, హాస్పిటల్ నుంచి ఇల్లు, అంతే." నాకు తెలియక అడుగుతాను, ఈ ఊళ్లో సెకండ్ హ్యాండ్ కార్లన్నీ డాక్టర్లవేనా?

మా ఆవిడ కారెక్కగానే అడిగింది, "క్లచ్ పెడల్ రబ్బరు ఇంత నున్నగా అరిగిపోయిందేంటండీ" అని. నీకు కార్ల గురించేం తెలుసు అన్నాను. అన్నది నేనే. సీట్ కవర్లు కొత్తవి, స్టీరింగ్ కవర్ కొత్తది, నాలుగు టైర్లూ 2021లో తయారైనవి. 58 వేలే తిరిగిన బండికి మూడేళ్లకే నాలుగు టైర్లు ఎందుకు మార్చారో అడగాలి కదా? అడగలేదు. టైర్లు ఇంకా బాగున్నాయని సంతోషపడ్డాను.

టెస్ట్ డ్రైవ్ కాలనీ సందుల్లోనే. ఒకసారి ఓఆర్ఆర్ మీద చూద్దామంటే "టోల్ పడుద్ది అన్నా, ఫాస్టాగ్‌లో బ్యాలెన్స్ లేదు" అన్నాడు. ఆరున్నర లక్షలు పెడుతున్నవాణ్ని, టోల్ నేనే కడతా అనే తెలివి కూడా లేకపోయింది నాకు.

మొదటి వారంలోనే 90 దాటితే స్టీరింగ్ వణకడం మొదలైంది. నెల తిరిగాక ఈరోజు కంపెనీ సర్వీస్ సెంటర్‌కి తీసుకెళ్లాను. కౌంటర్లో అమ్మాయి నంబర్ కొట్టింది, ఒకసారి స్క్రీన్ చూసింది, ఒకసారి నన్ను చూసింది. "సార్, మీటర్ ఎంతుంది?" 60,900 అన్నాను. మానిటర్ నావైపు తిప్పింది. 2022 సర్వీసులో 1,14,320. ఆ తర్వాత రికార్డే లేదు. "మీటర్ మార్చారేమో సార్" అని చాలా మెల్లగా అంది, పక్కవాళ్లకి వినపడకుండా. ఆ జాలి భరించలేకపోయాను. క్లచ్, సస్పెన్షన్, ఇంజెక్టర్లు కలిపి 82 వేల ఎస్టిమేట్ చేతిలో పెట్టింది.

ఆ కాగితాలతో నేరుగా వాడి దగ్గరికి వెళ్లాను. డబ్బు కట్టేదాకా 'అన్నా', ఇప్పుడు 'ఏం బాస్'. కాగితం చూపించాను. చదవను కూడా లేదు. పక్కనున్న కుర్రాడితో "చాయ్ తీసుకురా, సార్ వేడి మీదున్నారు" అన్నాడు. మీటర్ ఎందుకు తిప్పావని అడిగితే, నవ్వుతూ, "డీజిల్ బండి కొనేదే తిరగడానికి బాస్. ఆరేళ్లలో 58 వేలంటే మీరెలా నమ్మారు?" అన్నాడు.

మోసం చేసినందుకు కాదు, ఈ ప్రశ్నకి నా దగ్గర జవాబు లేనందుకు మండింది. తర్వాత నేను సంతకం పెట్టిన కాగితం తీశాడు. 'యాజ్ ఈజ్ వేర్ ఈజ్', అంటే బండి ఎలా ఉందో అలాగే తీసుకుంటున్నాను అని, బండి డెలివరీ అయ్యాక మాకు సంబంధం లేదు, కింద నా అందమైన సంతకం. ఆర్‌సీ ట్రాన్స్‌ఫర్ ఫారాల మధ్యలో పెట్టి పది చోట్ల సంతకాలు పెట్టించుకున్నాడు, నేను సెల్ఫీ దిగే హడావుడిలో ఉన్నాను. బయటికి వస్తుంటే వెనక నుంచి, "రివ్యూ మంచిగా రాయండి బాస్!"

రాస్తున్నా బాబూ.

1915 కన్స్యూమర్ హెల్ప్‌లైన్‌కి ఫోన్ చేసి ఫిర్యాదు ఇచ్చాను. ఏమవుతుందో చూడాలి. మీరు కొనేవాళ్లయితే టోకెన్ అడ్వాన్స్ ఇవ్వకముందే బండిని కంపెనీ సర్వీస్ సెంటర్‌కి తీసుకెళ్లి చూపించండి, పాత సర్వీసులన్నిట్లో కిలోమీటర్లు ఎంతున్నాయో కూడా అక్కడే అడగండి. ఓఆర్ఆర్ మీద వంద స్పీడులో నడపనివ్వకపోతే లేచి వచ్చేయండి. టోల్ మీరే కట్టండి. పక్కన మీ ఆవిడ ఏమైనా అంటే వినండి.

మా ఇంట్లో ఇంకా ఎస్టిమేట్ చూపించలేదు. రేపు పొద్దున్న ఏడింటికి మళ్లీ ఇదే బండి, ఎడమ లేన్లో లారీల వెనక, ఎనభై దాటకుండా.